ముందు రోగికి చెప్పండి

"నాన్నకు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు." క్యాన్సర్ ముదిరిందని తేలిన రోజు ఓపీ గది తలుపు దగ్గర కొడుకో కూతురో బతిమాలే మాట ఇది. ప్రేమతోనే అడుగుతారు. డాక్టరూ సరేనంటారు. రిపోర్టుల ఫైలు సంచి అడుగుకు చేరుతుంది. ఆసుపత్రి బోర్డు మీద 'క్యాన్సర్' అన్న అక్షరాలను ఆయన రోజూ చదువుతూనే ఉంటారు, అడగలేరు. హైదరాబాద్ నగరంలో హాస్పిస్ సేవలకు, అంటే చివరి దశ రోగులకు ఊరటనిచ్చే సంరక్షణకు, మొదటి అడ్డు ఈ మౌనమేనని మా నిశ్చితాభిప్రాయం. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పీ బాధా తగ్గించే ఉపశమన చికిత్స ఉంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. జబ్బు సంగతే తెలియని మనిషిని అక్కడికి ఏమని చెప్పి తీసుకెళ్తారు?

చెప్పడమంటే కుండబద్దలు కొట్టడం కాదు. "మీ జబ్బు గురించి మీకు ఏం తెలుసు?" అని ముందు అడగాలి. "వివరాలు మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?" అన్నది తర్వాతి ప్రశ్న. వద్దంటే ఆ మాటా మన్నించాల్సిందే. కానీ ఆ 'వద్దు' రోగి నోటి నుంచే రావాలి.

తీవ్రమైన నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్ ఇస్తే ప్రాణం త్వరగా పోతుందని, మత్తుకు బానిసవుతారని భయం. ఇది ఇళ్లలోనే కాదు, వార్డుల్లోనూ ఉంది. నొప్పిని బట్టి మెల్లగా మోతాదు పెంచుతూ ఇస్తే ఆ ప్రమాదాలు చాలా అరుదు. మామూలు మాత్ర ప్రభావం నాలుగు గంటలే. అందుకే నొప్పి లేచాక కాదు, గడియారం చూసి వేయాలి. మధ్యలో నొప్పి ఎగదన్నితే రోజు మోతాదులో ఆరో వంతు అదనంగా ఇస్తారు. 10 మిల్లీగ్రాముల చొప్పున ఆరుసార్లు వేసుకునేవారికి అది మరో 10. కిడ్నీలు దెబ్బతిన్నవారి ఒంట్లో మందు పేరుకుపోతుంది, మోతాదు తగ్గించి ఎడం పెంచాలి. తరచూ జరిగే పొరపాటు వేరే ఉంది. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే రాయాలి. అది మరిస్తే కొద్ది రోజుల్లోనే మలబద్ధకం పట్టుకుంటుంది, రోగి మార్ఫిన్ మానేస్తాడు, నొప్పి మళ్లీ మొదలవుతుంది. మార్ఫిన్ అనుమతుల చిక్కుముడిని 2014లో మాదకద్రవ్యాల చట్ట సవరణ చాలావరకు విప్పింది. ఇక భయాన్ని వదిలించాల్సింది వైద్యులే.

ఫలితం లేదని తెలిసీ వెంటిలేటర్ తీయడానికి జంకడం మరో చిక్కు. జబ్బు తన దారిన తాను పోనివ్వడం హత్య కాదు, నొప్పికి మందు ఎలాగూ ఆగదు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వైద్య ఆదేశాన్ని (నయం కాని దశలో ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టే పత్రాన్ని) గుర్తించి, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. చికిత్స ఆపవచ్చో లేదో ముగ్గురేసి వైద్యుల రెండు బోర్డులు వీలైనంతవరకు 48 గంటల చొప్పున తేల్చాలి. రెండో బోర్డులో ఒకరిని జిల్లా వైద్యాధికారి నియమించాలి. ఆ వైద్యుల జాబితా ముందే సిద్ధంగా లేకపోతే గడువంతా ఫోన్లతోనే కరిగిపోతుంది, ఐసీయూ బిల్లు పెరుగుతూ పోతుంది. హైదరాబాద్ జిల్లా యంత్రాంగం ఆ పేర్లను ఫోన్ నంబర్లతో సహా ప్రతి ఐసీయూకూ పంపాలి. ఇక ఆదేశం రాయాల్సిన మనిషికి తన జబ్బు సంగతి తెలియాలి, అదీ సంతకం పెట్టే ఓపిక ఉండగానే.