పగిలిన పళ్ళేల మాటేమిటి?

ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంలో పెన్సిల్వేనియా జర్మన్ల (అమెరికాకు వలస వచ్చి అక్కడ స్థిరపడిన జర్మన్ల) మట్టి పళ్ళేలు చూస్తే, ఆ రైతుల ఇళ్ళల్లో రోజూ పండగేనేమో అనిపిస్తుంది. ఎర్రమట్టి మీద తెల్లమట్టి పూత, అందులో పుల్లతో గీకి తేల్చిన తులిప్ పూలు, పిట్టలు, గుర్రపు రౌతులు. 1903లో మట్టిపాత్రల చరిత్రకారుడు ఎడ్విన్ అట్లీ బార్బర్ వీటి గురించి పుస్తకం రాశాక, అమెరికా తొలినాటి మట్టిపాత్ర అనగానే అందరికీ తులిప్ పళ్ళెమే గుర్తొస్తోంది.

నా అనుమానమల్లా ఇవి ఇన్నాళ్ళు ఎలా మిగిలాయన్నదే. చాలావాటి మీద కత్తి గాట్లు లేవు, అడుగున మసి లేదు. బహుమతిగా ఇచ్చినవి, అలమరలో దాచుకున్నవి. అంటే వాటిలో పెద్దగా ఎవరూ తినలేదు.

వంటింట్లో అరిగినవి వేరే ఉన్నాయి. బల్లపరుపుగా అదిమిన మట్టి మీద, బాతు ఈకల గొట్టాలు బిగించిన చిన్న గిన్నెతో పల్చటి తెల్లమట్టిని గీతలుగా కార్చేవారు. మన గోరింటాకు కోన్ పనే అనుకోండి. తర్వాత దాన్ని బోర్లించిన అచ్చు మీద వేసి పళ్ళెంగా మలిచేవారు. అందులోనే 'ఆపిల్ పై' (ఆపిల్ ముక్కలు నింపిన పిండివంట) కాల్చేవారు, పగిలితే పారేసేవారు. ఇంత పని చేసిన పళ్ళేనికి పుస్తకాల్లో దక్కింది నాలుగు లైన్లే.

మెరుపు కోసం పూసింది సీసం. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుందని 1785లోనే ఫిలడెల్ఫియా పత్రికలో హెచ్చరిక వచ్చింది. అయినా అవి చవక, పైగా ఊళ్ళోనే దొరికేవి. అందుకే వాడకం వెంటనే ఆగలేదు.

దాచుకున్న పళ్ళేల్లోనూ వంటింటి గొంతు వినిపించేది అంచు మీది రాతల్లో. ఒకదాని మీద ఇల్లాలి మాట: నాకు వచ్చిందేదో వండుతా, నా పంది తినకపోతే మా ఆయన తింటాడు!

మిగిలిన వాటినే నమ్ముకుంటే ఏమవుతుందో నార్త్ కరోలినాలో తేలింది. పూల డిజైన్ల పళ్ళేలను చాలాకాలం అక్కడి సేలం ఊళ్ళోని మొరావియన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) కుమ్మరుల ఖాతాలో వేశారు. వాళ్ళు డైరీలు, లెక్కలు భద్రంగా రాసిపెట్టుకున్న మనుషులు మరి. అలమాన్స్ కౌంటీలో లాయ్ కుటుంబం బట్టీల దగ్గరి పెంకులను పోల్చి చూశాక, 2010 నాటికి పరిశోధకులు వాటిలో చాలావాటిని అక్కడి కుమ్మరుల పేరు మీదికి మార్చారు. సాక్ష్యం చెప్పింది ఏ అలమరలోని పళ్ళెమూ కాదు, బట్టీలో చెడిపోతే కుమ్మరి విసిరేసిన ముక్కలు.