మహారాజశ్రీ వీడియో గేమ్ అప్‌డేట్ గారి దివ్య సముఖమునకు

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది, పోయినసారి కంటే బాగా ఒళ్లు చేశారు. ఇక నా సంగతి మనవి చేసుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా మా ఇంట్లో ఒక ఖాళీ దొరుకుతుంది. మటన్ కూర తిని అందరూ నడుం వాలుస్తారు. కాలింగ్ బెల్ మోగదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపు కూడా కునుకు తీస్తుంది. వారమంతా ఆ కాస్త సమయం కోసం బతికే నాబోటి నడివయసు గేమర్లు ఎందరున్నారో తమరి దగ్గర లెక్క ఉండే ఉంటుంది, లేకపోతే సరిగ్గా అప్పుడే దిగరు కదా. ఫ్యాను ఐదులో పెట్టి, గుర్రమెక్కి ఆ కొండ దాటేద్దామని కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాను. విచిత్రంగా కరెంటు కూడా ఉంది. తమరూ ఉన్నారు.

68 జీబీ.

తమరి నీలం గీత ముందు "19 నిమిషాలు" అంది. పర్వాలేదులే అనుకున్నాను. మంచినీళ్లు తాగొచ్చేసరికి "3 గంటల 40 నిమిషాలు". గుండె రాయి చేసుకుని కూర్చుంటే "52 నిమిషాలు". మా కాలనీకి నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పే మనిషి కూడా ఇంతలా మాట మార్చడు. 37 శాతం దగ్గర గీత ఎంతసేపు ఆగిందంటే, దాని అంచున వెలిగి ఆరే చిన్న మెరుపును కూడా గమనించాను. పని జరుగుతోందని నమ్మించడానికి పెట్టారు కాబోలు. చివరికి నూరు శాతం నిండింది. లేచి కూర్చున్నాను. "కాపీ అవుతోంది" అంటూ ఇంకో గీత వచ్చింది. సున్నా నుంచి.

కన్సోల్‌ను, అదే ఆటల డబ్బాను, పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో వదిలేస్తే రాత్రిపూట తనే దించుకుంటుంది కదా అంటారు తమరి తరఫు వకీళ్లు. వాళ్లు మా అమ్మను ఎరగరు. ఇంట్లో ఎక్కడ చిన్న లైటు వెలుగుతున్నా ఆవిడకు నిద్ర పట్టదు. గోడ దగ్గరికెళ్లి స్విచ్చే ఆపేస్తుంది.

కాపీ పూర్తయ్యాక నాలుగు కంపెనీల లోగోలు, దాటేయడానికి వీల్లేకుండా. ఆపైన ఎవరూ చదవని ఒప్పందం, దాని కింద "చదివాను" అనే గడి. ఆపైన లాగిన్, మెయిలుకు ఓటీపీ, ఆ ఓటీపీ స్పామ్‌లో. సరే, ఇవన్నీ తమరి చుట్టాలు, ఇప్పుడు వాళ్ల జోలికి పోను.

నాకు మింగుడుపడనిది ఆ 68. ఏం మార్చారని అంత? తమరి వివరణ పత్రం తెరిచి చూశాను. "స్థిరత్వాన్ని మెరుగుపరిచాం. చిన్న చిన్న లోపాలు సరిచేశాం." చిన్న చిన్నవే! వేలకొద్దీ బొమ్మలు, శబ్దాలు కలిపి పెద్ద పెద్ద మూటలు కడతారని, ఒక మూటలో గుర్రం తోక మారినా ఆ మూటంతా మళ్లీ కట్టాల్సి వస్తుందని, కాపీ తతంగమంతా అందుకేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట తగ్గుతుందా? ఆ మూట అలా కట్టమని నేను చెప్పానా?

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ సంగతి వినండి. 8 లోకాలు, 32 లెవెళ్లు, ఆ పాట, ఆ తాబేళ్లు, అన్నీ కలిపి 40 కేబీ. చోటు చాలక, ఆకాశంలో మబ్బు బొమ్మకే రంగు మార్చి నేల మీద పొదగా వాడుకున్నారు. తమరి ఒక్క ఆదివారపు మూటలో అలాంటి మారియోలు 17 లక్షలు పడతాయి. టీవీకి తగిలించుకునే డబ్బా, పసుపు రంగు కేసెట్ ఉన్న రోజుల్లో మాకు తెలిసిన అప్‌డేట్ ఒక్కటే: కేసెట్ తీసి, అడుగున ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టడం.

ఇప్పటి ఆటలు పెద్దవి, ఆ బొమ్మల నాణ్యత వేరు అంటారా? హెల్‌డైవర్స్ 2 అనే ఆట పీసీలో 150 జీబీ దాటిపోయింది. అదే ఆట కన్సోల్ మీద అందులో నాలుగో వంతు. ఎందుకట? పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కులున్నవాళ్లకు లోడింగ్ త్వరగా అవ్వాలని ఒకే సరుకుకు అక్కడో నకలు ఇక్కడో నకలు పెట్టారు. 2025లో తీరిగ్గా కొలిచి చూస్తే, నకళ్లు లేకపోయినా ఆలస్యం కొన్ని సెకన్లేనని తేలింది. తీసేశారు. 154 జీబీ కాస్తా 23 అయింది! ఆ స్వీడన్ స్టూడియోవాళ్లు కనీసం బయటికి చెప్పారు. చెప్పనివాళ్ల మూటల్లో ఏముందో ఎవడికి తెలుసు?

ఇక మర్యాద నావల్ల కాదు. ఏమయ్యా, ఇది ఒంటరిగా ఆడుకునే ఆట. నేను, నా గుర్రం, ఒక కొండ. మధ్యలో నీకేం పని? డిస్క్ కొన్నాను, 4,999 పోసి, పెట్టె మీద ప్లాస్టిక్ నా చేత్తో చింపాను. ఆ డిస్క్ లోపల ఉన్నదేమిటి మరి? నెట్ పీకేసి ఆడదామంటే లాగిన్ లేనిదే తలుపు తీయదట. నా ఇంట్లో, నా టీవీలో, నా డిస్క్‌కి ఇంకెవరో గేటు తీయాలి. భోజనానికి పిలిచి, ఆకు వేసి, నీళ్లు చల్లాక "బియ్యం మరకు వెళ్లాయి, ఇప్పుడే వచ్చేస్తాయి" అంటే విస్తరి ముందు ఎవడు కూర్చుంటాడు? నేను కూర్చున్నాను. నీ గీత చూస్తూ.

అసలు నువ్వు లేని కాలంలో కేసెట్ ఫ్యాక్టరీకి వెళ్లిందంటే పని అయిపోయినట్టే. తప్పుంటే అది జీవితాంతం తప్పే, అందుకని చచ్చినట్టు ముందే చూసుకునేవాళ్లు. నువ్వొచ్చాక విడుదల తేదీకి అర్థం లేకుండా పోయింది. సైబర్‌పంక్ 2077 అనే ఆట 2020 డిసెంబరు 10న వచ్చింది, వారం గడిచేసరికి సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచే ఎత్తేసి డబ్బు వాపసు ఇస్తానంది. మళ్లీ లోపలికి రానిచ్చింది 2021 జూన్‌లో. జనం నోరారా మెచ్చుకున్న 2.0 అప్‌డేట్ వచ్చేసరికి 2023 సెప్టెంబరు. మొదటిరోజు పూర్తి ధర పెట్టి కొన్నవాడే అందరికన్నా అధ్వానమైన ఆట ఆడాడు. ఆగినవాడు తక్కువ ధరకు మంచిది ఆడాడు. ఇదెక్కడి న్యాయం?

ఇంత చేసి, మొన్న కొండ దగ్గర ఏం జరిగిందో తెలుసా? నాలుగుంబావుకు ఆట తెరుచుకుంది. గుర్రం రాతి గోడలో సగం దాకా ఇరుక్కుంది, అంతకుముందు ఇరుక్కున్న చోటే. మొదటి తెర మీద మాత్రం కొత్తగా ఒక ప్రకటన మెరుస్తోంది: బంగారు జీను, 399 రూపాయలు. మూట విప్పితే దొరికింది అదన్నమాట.

నిన్ను పూర్తిగా తిట్టేద్దామంటే నో మ్యాన్స్ స్కై అడ్డొస్తోంది. 2016 ఆగస్టులో జనం చేత అన్ని మాటలు పడ్డ ఆట, ఏళ్లతరబడి ఉచితంగా నువ్వు మోసుకొచ్చిన సరుకుతోనే ఆటయింది. స్టార్‌డ్యూ వ్యాలీ ఉంది. ఒక్క మనిషి మొదలుపెట్టిన ఆట, 2016లో విడుదల, 2024లో కూడా పైసా అడక్కుండా కొత్త పండగలు, కొత్త పనులు ఇచ్చింది. అలా వచ్చినప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతాను, అది నీకూ తెలుసు. ఈమధ్య రాత్రుళ్లు బలాట్రో ఆడుతున్నాను. పేకముక్కలు, జోకర్లు, 150 ఎంబీ చోటు చాలంటుంది. నొక్కగానే తెరుచుకుంటుంది. మొదట్లో ఏదో పాడైందేమో అనుకున్నాను.

వచ్చే ఆదివారం మా బావమరిది కుటుంబం భోజనానికి వస్తోంది. పిల్లలు ముగ్గురు. పొద్దున పదింటికి దిగితే చీకటి పడేదాకా కదలరు, టీవీ ఎలాగూ వాళ్లదే. నీ గోదాములో ఇంకా ఏమేం మూటలున్నాయో అన్నీ ఆ రోజే దించు. 200 జీబీ అయినా కాదనను. అమ్మకు స్విచ్ జోలికి పోవద్దని నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
గోడలో ఇరుక్కున్న గుర్రం తాలూకు యజమాని