లైనక్స్ పెట్టుకోమని సలహాలిచ్చే మహానుభావులకు

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసిన దగ్గర్నుంచి విండోస్ తీసేసి లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమని ఎక్కడ చూసినా ఒకటే పాట. "లైనక్స్ పెట్టుకోండి, ఫ్రీ, వైరస్ రాదు, పాత సిస్టమ్ పరిగెడుతుంది." ఇలా చెప్పేవాళ్లలో సగం మంది విండోస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే టైప్ చేస్తున్నారని నా అనుమానం. నేను బతికేది లైనక్స్ సర్వర్ల మీద, ఇంట్లో ఉన్నది కూడా డెబియన్ అనే లైనక్సే, కాబట్టి నన్ను మైక్రోసాఫ్ట్ మనిషి అనకండి. అయినా ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా చిన్నమామయ్యకు గుంటూరులో డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. సిస్టమ్‌లో పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ 7, దాని పైన తెలుగు కొట్టడానికి అను స్క్రిప్ట్ మేనేజర్. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ దాన్ని ఎప్పుడో పక్కన పడేసి ఇన్‌డిజైన్ పట్టుకుంది, అయినా ఆయన వదల్లేడు, ఎందుకంటే ఇన్నేళ్ల ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అనులో కొట్టిన మేటర్ తెర మీద తెలుగులాగే కనిపిస్తుంది గానీ ఫైల్లో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉండే కోడ్లు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే. గూగుల్‌కి దొరకదు, వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే చదవలేం. ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తడబడతాయి, మళ్లీ మొత్తం ప్రూఫ్ చూసుకోవాల్సిందే. ఆయనకు లైనక్స్‌లో పేజీలు కట్టే స్క్రైబస్ చూపించాను. బాగుంది, డబ్బులు కట్టక్కర్లేదు, యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది. ఆయన ఒక్కటే అడిగాడు, "ఇందులో నా పాత ఫైలు ఓపెన్ అవుద్దంట్రా?" సరిగ్గా అవ్వదు. ఇంక మాట్లాడేందుకేముంది.

పక్క వీధిలో అకౌంటెంట్‌ది ట్యాలీ. ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్‌లో నడిపించుకోవచ్చనే వీరులు ఉంటారు, జీఎస్టీ రిటర్న్ ఆఖరు రోజు రాత్రి అది మొరాయిస్తే మాత్రం వాళ్ల ఫోన్ కలవదు. టెండర్లు వేసే కాంట్రాక్టర్ దగ్గర డిజిటల్ సంతకం టోకెన్ ఉంటుంది, యూఎస్‌బీకి పెట్టేది. దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చే కుర్రాడికి తెలిసింది విండోసే, హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పేదీ విండోస్ మెనూలే. వీళ్లలో ఏ ఒక్కరూ కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోలేదు. చేసే పనే దాన్ని వాళ్లకు అంటగట్టింది.

అయితే విండోసే దిక్కు అంటున్నానా? అస్సలు కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరంది అయినా ఉండాలి. అంటే 2017లో ఏడో తరం ప్రాసెసర్‌తో కొన్న సిస్టమ్, నిక్షేపంగా పనిచేస్తున్నా సరే, కంపెనీ లెక్కలో పనికిరానిది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ముప్ఫై డాలర్లు కట్టు, లేదా మా అకౌంట్‌తో లాగిన్ అయి నీ సెట్టింగులు సింక్ చెయ్యి అన్నారు. సొంతిల్లు అనుకుని సున్నం కొట్టించుకుంటూ ఉంటే, ఇది అద్దె కొంప, గడువైపోయింది అని చెప్పినట్టుంది.

2025 జూలైలో నయారా ఎనర్జీకి జరిగింది ఇంకా ఘోరం. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ వీళ్లదే, రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు అందులో వాటా ఉంది. యూరోపియన్ యూనియన్ దాని మీద ఆంక్షలు పెట్టింది, దాంతో మైక్రోసాఫ్ట్ నయారా వాడుకునే ఈమెయిల్, టీమ్స్ ఆపేసింది. డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులు! కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తర్వాత సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద వాళ్ల సర్వర్లలో నడిచేది, నిజమే. కానీ విండోస్ కూడా అకౌంట్ లేకుండా అడుగు ముందుకు వేయనివ్వని రోజుల్లో ఆ తేడా ఎంతకాలం నిలుస్తుంది? మన దేశంలో రిఫైనరీ మెయిల్ తెరుచుకోవాలా వద్దా అన్నది బ్రస్సెల్స్‌లో పెట్టిన ఆంక్షల మీద ఆధారపడింది.

లైనక్స్ లాంటి ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ బయట ఉండే సాఫ్ట్‌వేర్‌లోనూ పెద్ద కంపెనీలు మొండిచెయ్యి చూపిస్తాయి. సెంట్ఓఎస్ అనే లైనక్స్‌లో 8వ వెర్షన్ 2029 దాకా ఉంటుందని అందరూ సర్వర్లు ఎక్కించుకున్నాక, దాన్ని నడిపించే రెడ్ హ్యాట్ కంపెనీ 2020 డిసెంబర్‌లో, ఏడాదిలో ఆపేస్తున్నాం అని చల్లగా చెప్పింది. అడ్మిన్లందరికీ ఒకటే టెన్షన్. కానీ తర్వాత ఏమైంది? కోడ్ బయట ఉంది కాబట్టి కొన్ని నెలల్లోనే దాని బదులుగా ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ వచ్చేశాయి, జనం అటు మారిపోయారు. పేజ్‌మేకర్‌కి అలాంటి వారసుడు రాలేదు, రాలేడు కూడా. నేను ఓపెన్ సోర్స్ వైపు ఉండటానికి అసలు కారణం ఇదే, ఫ్రీగా వస్తుందని కాదు.

కాబట్టి డిస్ట్రోల (లైనక్స్‌లో రకాల) పేర్లు చెప్పడం మాని ఆ పాత ఫైళ్ల సంగతి, ఆ టోకెన్ల సంగతి చూడండి. కేరళ బడుల్లో చేసిందదే. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా సొంత డిస్ట్రో చేసుకుంది, రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో అదే నడుస్తుంది. సీడీలు పంచి చేతులు దులుపుకోలేదు వాళ్లు. పాఠ్యపుస్తకాలే బొమ్మలకు వాడే గింప్, ఇంక్‌స్కేప్, లెక్కలకు వాడే జియోజెబ్రా మీద రాశారు, టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చారు. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థ వలంటీర్లు ఎంతో కష్టపడి తెలుగులో డిస్ట్రో తెచ్చారు, వాళ్లకు దండం పెట్టాలి, కానీ వలంటీర్ల సెలవురోజుల మీద రెండు రాష్ట్రాల బడులు నడవవు. అటు జర్మనీలో మ్యూనిక్ నగరం చూడండి, 2003లో నిర్ణయం తీసుకుని పదేళ్లు కష్టపడి దాదాపు పదిహేను వేల కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చారు, 2017లో కౌన్సిల్ మళ్లీ విండోస్‌కే ఓటేసింది. ఒకసారి మార్చేస్తే సరిపోదు, వెనక ఎవరో ఒకరు పట్టుబట్టి ఉండాలి.

మన ప్రభుత్వాలు రేపు విండోస్ తీసిపారేయాలని నేను అడగను. అను ఫైళ్లను తప్పుల్లేకుండా యూనికోడ్‌లోకి మార్చే ఒక టూల్‌కు డబ్బులు పెట్టి, దాని కోడ్ బయట పెట్టమంటాను. ఇది జరగని పనేం కాదు. మండలి, రామభద్ర, సూరన్న అనే తెలుగు ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ అందరికీ వదిలేసింది, ఈరోజు ఎన్ని తెలుగు సైట్లు, ఎన్ని పోస్టర్లు వాటి మీద నడుస్తున్నాయో చూడండి. ఈ-టెండర్ పోర్టల్ కట్టించేటప్పుడు కాంట్రాక్టులో లైనక్స్‌లో కూడా సంతకం పడాలి అని ఒక్క వాక్యం రాయించమంటాను. అంతే. అవి రెండూ అయితే మా మామయ్యకు ఎవరూ సలహా ఇవ్వక్కర్లేదు, కొత్త సిస్టమ్ ధర చూసి ఆయనే లైనక్స్ అడుగుతాడు.

ఇక భవిష్యత్తు అంటారా. సర్వర్ల సంగతి ఎప్పుడో తేలిపోయింది, ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి లైనక్స్‌వే. డెస్క్‌టాప్‌లో నెమ్మదిగా, నస పెడుతూ పెరుగుతుంది. అసలు నష్టం జరుగుతున్నది మన చేతిలో ఉన్న ఫోన్‌లో. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే, అంటే లైనక్స్ గుండెకాయే. కానీ ఆండ్రాయిడ్ డెవలప్‌మెంట్ అంతా లోపలే చేసుకుని రిలీజ్ అయ్యాకే కోడ్ ఇస్తామని గూగుల్ 2025 మార్చిలో చెప్పింది. ఆగస్టులో ఇంకోటి చెప్పింది. ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకే (యాప్ ఫైల్) ఎక్కించుకోవాలన్నా ఆ డెవలపర్ తన వివరాలు గూగుల్‌కి ఇచ్చి ఉండాలట. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకూ. జనం గొడవ చేస్తే, తెలిసినవాళ్లకు వేరే దారి ఇస్తాంలే అన్నారు. ఇంత జరుగుతుంటే మన గ్రూపుల్లో మాత్రం లైనక్స్ డెస్క్‌టాప్‌కి గ్నోమ్ బాగుంటుందా కేడీఈ బాగుంటుందా అని మూడు వందల కామెంట్లు కొట్టుకుంటున్నారు.