కుర్చీలో కూర్చోబెట్టి సైన్స్ శిక్షణా?

ఈ వేసవిలోనూ మన వరంగల్‌లో సైన్స్ టీచర్ల శిక్షణ ఎప్పట్లాగే ముగిసింది. ఐదు రోజులు, ఒక ప్రొజెక్టర్, రిసోర్స్ పర్సన్ చదివి వినిపించిన పీపీటీలు, రెండు పూటలా హాజరు, చివరి రోజు గ్రూప్ ఫొటో. ఫిజికల్ సైన్స్ చెప్పే స్కూల్ అసిస్టెంట్లు ఐదు రోజులూ కుర్చీలో కూర్చొని ‘కృత్యాధార బోధన’ గురించి, అంటే పనులు చేయిస్తూ నేర్పడం గురించి, విని ఇళ్లకు వెళ్లారు. వాళ్లు చేత్తో ముట్టుకున్న పరికరం ఏదైనా ఉందంటే సెల్‌ఫోనే, అదీ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపడానికి. చెరువు గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పడమంటే ఇదే.

బడులు తెరవగానే ఈ టీచర్లే పిల్లలతో ప్రయోగాలు చేయించాలి. ప్రాజెక్టు పనులకు ఫార్మేటివ్ మార్కులు వేయాలి. పిల్లల కొత్త ఆవిష్కరణలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులకు ఆలోచనలు అప్‌లోడ్ చేయించాలి, లేదంటే హెడ్మాస్టర్‌కు అక్షింతలు. (ప్రదర్శనకు ముందు రోజు దుకాణంలో కొన్న ‘వర్కింగ్ మోడల్’ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.) పిల్లల్లో పరిశోధనా దృష్టి పెంచండంటూ సర్క్యులర్ మీద సర్క్యులర్ వస్తుంది. ఆ పెంచాల్సినవాళ్లు ఎన్నడైనా పరిశోధన చేశారా, కనీసం జరుగుతుంటే పక్కన నిలబడి చూశారా అని అడిగే నాథుడు లేడు. డిగ్రీ ప్రాక్టికల్స్ అయ్యాక మళ్లీ ల్యాబ్ గడప తొక్కే అవకాశం ఇవ్వకుండా, పిల్లలను మాత్రం శాస్త్రవేత్తలను చేయమనడం కపటం కాక మరేమిటి?

పదో తరగతి రికార్డు ఒకటి తెరవండి. ఓమ్ నియమం ప్రయోగం. ఐదు రీడింగులుంటాయి. ఐదింట్లోనూ వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఒకటే అంకె. గ్రాఫు మీద చుక్కలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా గీత మీదే ఉంటాయి. పక్క బెంచీ పిల్ల రికార్డులోనూ అవే అంకెలు. నిజంగా బ్యాటరీ, అమ్మీటరు పెట్టి చేస్తే ఇంత ముచ్చటగా రావు. తీగ వేడెక్కుతుంది, క్లిప్పు వదులవుతుంది, ముల్లు ఊగుతుంది, ఒక చుక్క ఎక్కడో పక్కన పడుతుంది. అది ఎందుకు పక్కన పడిందో వెతకడమే పరిశోధన ల్యాబుల్లో పొద్దున లేస్తే జరిగే పని. కొన్ని వారాలు ఆ పని చేసిన టీచర్ పిల్లాడి తప్పు రీడింగును కొట్టేయరు, ‘ఎందుకిలా వచ్చింది, మళ్లీ చూడు’ అంటారు. ఆ అనుభవం దక్కని టీచర్ ‘పుస్తకంలో ఉన్నట్టు రాయండిరా’ అంటారు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, ఆయనకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం 1990లోనే హైస్కూల్ సైన్స్ టీచర్లను వేసవిలో తన పరిశోధన ల్యాబుల్లోకి తీసుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిది వారాల చొప్పున వరుసగా రెండు వేసవులు, స్టైపెండ్ ఇచ్చి మరీ. వాళ్ల దగ్గర చదివిన పిల్లల ఫలితాలను 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. టీచర్ ల్యాబులో చేరిన మూడు, నాలుగేళ్ల తర్వాత, అదే బడుల్లో మిగతా టీచర్ల పిల్లలకంటే వీరి పిల్లల ఉత్తీర్ణత దాదాపు 10 శాతం ఎక్కువగా ఉంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇలాంటి వాటికి ప్రత్యేకంగా నిధులిస్తూ వచ్చింది. అంత దూరం ఎందుకు, కర్ణాటకలోని చళ్లకెరెలో బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) బడి టీచర్లను క్యాంపస్‌లోనే ఉంచుకొని ప్రయోగాలు చేయిస్తోంది.

వరంగల్‌కు ఏం తక్కువ? 1959లో ఆర్ఈసీగా (ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ) పుట్టిన నిట్ ఉంది. 1976 నుంచి కాకతీయ యూనివర్సిటీ ఉంది. మెడికల్ కాలేజీ ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఒకటి రెండు రోజుల వర్క్‌షాపులు, సందర్శనలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి, కాదనం. మేం అడుగుతున్నది తిప్పి చూపించడం కాదు. టీచర్‌కు ఒక బెంచీ, ఒక ప్రశ్న, ఆరు వారాల టైమ్.

ప్రశ్నలకు మన దగ్గర కరువా? 2021–22లో నల్ల తామర పురుగు ఈ ప్రాంత మిరప తోటలను ఊడ్చేసింది. పూతలో దూరి రసం పీల్చే నలుసంత పురుగు. మందుల మీద మందులు కొట్టి, లొంగక తోటలు దున్నేసిన రైతులున్నారు. వాళ్ల పిల్లలు చదివేది మన జెడ్పీ హైస్కూళ్లలోనే. పూవును తెల్ల కాగితం మీద దులిపి ఎన్ని పురుగులు రాలాయో లెక్కపెట్టడం, నీలిరంగు జిగురు అట్టకు రోజుకెన్ని అంటుకున్నాయో పట్టిక వేయడం, మందు కొట్టిన సాలుకూ కొట్టని సాలుకూ తేడా చూడటం: వీటికి లక్షల పరికరాలు అక్కర్లేదు, భూతద్దం చాలు. కానీ లెక్క ఎలా పెట్టాలో, పోలిక దేనితో పెట్టాలో ఎవరైనా పక్కనుండి నేర్పాలి. పరిశోధన స్థానంలో ఒక వేసవి గడిపిన బయాలజీ టీచరమ్మ వానాకాలం పంటకల్లా ఈ పని పిల్లలతో చేయించగలరు. నీటిలో తేలే రామప్ప ఇటుకను చూపించడానికి ఏటా పిల్లలను బస్సెక్కిస్తాం, సాంద్రత కొలవడం మాత్రం చేయించం.

సెలవులు కూడా మిగల్చరా అని టీచర్ల సంఘాలు అంటాయి, పరిశోధన చేసే స్కాలర్లకే పరికరాలు చాలడం లేదని ప్రొఫెసర్లు అంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది. అయితే స్పాట్ వాల్యుయేషన్‌కు, సర్వేలకు, ఎన్నికల డ్యూటీకి పిలిచేటప్పుడు ఏ అధికారికీ టీచర్ల సెలవులు గుర్తురావు. ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లనే తీసుకోండి, ఆ రోజులకు ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) జమ చేయండి, స్టైపెండ్ ఇవ్వండి. టీచర్‌కు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ 50 గంటలూ కుర్చీలోనే గడవాలని అందులో ఎక్కడా రాయలేదు.

వీసీలు, డైరెక్టర్లు, విద్యాశాఖ అధికారులు ఫిబ్రవరి 28న సైన్స్ డే వేదికలెక్కి ‘శాస్త్రీయ దృక్పథం’ మీద గంటసేపు దంచుతారు. వచ్చే సారి మైకు అందుకునే ముందు ఒక్క లెక్క చెప్పండి: ఎదురుగా కూర్చున్న బడి టీచర్లలో ఎంతమందికి మీ ల్యాబులో బెంచీ ఇచ్చారు? సున్నా అయితే శాలువా కప్పించుకోకుండా దిగిపోండి.