ఫార్మాట్ కొట్టడం మన హక్కు

కొన్ని విషయాల మీద ఎవరో ఒకళ్ళు గట్టిగా రాయాలి, ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. బెజవాడలో, ఆ మాటకొస్తే గుంటూరులో కూడా, కంప్యూటర్‌కి ఏమొచ్చినా జనమంతా ఒకే గొంతుతో చెప్పే మాట ఒకటుంది, "ఫార్మాట్ కొట్టేయ్". స్లో అయిందా ఫార్మాట్, ప్రింటర్ పలకట్లేదా ఫార్మాట్, నెట్ రావట్లేదా, అది కేబుల్ వాడి తప్పయినా సరే ముందైతే ఒక ఫార్మాట్ కొట్టి అప్పుడు కేబుల్ వాడికి ఫోన్ చేద్దాం. రాజకీయాల్లో, కులాల్లో, హీరోల్లో ఏనాడూ ఒక్కమాట మీదకి రాని మనం ఈ ఒక్క విషయంలో ఎంత కలిసికట్టుగా ఉన్నామో చూడండి. ఇలాంటి ఐకమత్యానికి ఇప్పుడు ముప్పొచ్చి పడింది. దాని పేరు లైనక్స్, విండోస్‌కి బదులు వేసుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఇంకా కరెక్టుగా చెప్పాలంటే అప్‌డేట్ అయిన మర్నాడు పొద్దున లైనక్స్ చూపించే లాగిన్ స్క్రీన్.

అసలు ఇది మన ఇళ్ళలోకి ఎలా దూరిందంటే, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు, 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ కొత్తది ఉండాలి అని పాత సిస్టమ్‌లన్నిటినీ బయట నిలబెట్టారు. సరిగ్గా ఆ టైములో ప్రతి ఇంట్లోనూ ఇంజనీరింగ్ చదివే ఒక మేనల్లుడు పుట్టుకొచ్చాడు. "మావయ్యా, పారెయ్యొద్దు, లైనక్స్ ఎక్కిస్తా, ఫ్రీ" అన్నాడు. ఫ్రీ అంటే మనం ఏమంటాం, సరే అంటాం.

నెల బాగానే నడిచింది. ఒకరోజు అప్‌డేట్ అంది, కానిచ్చాం. మర్నాడు మా ఆవిడ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం తెర నల్లబడి, మళ్ళీ అదే లాగిన్ స్క్రీన్, అదే పేరు, అదే ఖాళీ పెట్టె. తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూస్తే తప్పని చెప్తోంది, కరెక్టుది కొడితే మాత్రం ఏమీ అనకుండా వెనక్కి పంపిస్తోంది. గమనించండి, నువ్వు నువ్వేనని ఒప్పుకుంటోంది, లోపలికి మాత్రం రానివ్వట్లేదు. ఎందుకంటే అక్కడ పనులు రెండట, పాస్‌వర్డ్ సరిచూడడం ఒకటి, ఆ తర్వాత నీ డెస్క్‌టాప్ సెషన్ మొదలెట్టడం ఇంకోటి, మొదటిది పాసయి రెండోది కూలిపోతే లాగిన్ స్క్రీన్ గారు చేసేదేమీ లేక మళ్ళీ మొదటికొస్తారట. దీన్ని లాగిన్ లూప్ అంటారని మేనల్లుడు చెప్పాడు, ఏదో మన ఇంట్లో పిల్లాడు పుట్టినంత సంతోషంగా.

వాడు కాలేజీ నుంచి వచ్చేలోపు అపార్ట్‌మెంట్ అంతా సలహాలిచ్చింది. క్యాప్స్ లాక్ ఉందేమో చూడండి అన్నవాళ్ళు సగం మంది. పైఫ్లోర్‌లో డీటీపీ చేసే ఆయన కాస్త పనికొచ్చే మాట చెప్పాడు, కీబోర్డు లేఅవుట్ తెలుగులో ఉండిపోతే మనం ఇంగ్లీషు అనుకుని కొట్టేవన్నీ తెలుగు అక్షరాలై పడతాయి, పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మనకి తెలీదు, పైన మూలకి లేఅవుట్ ఏదుందో చూసుకోండి అని. చూశాం, ఇంగ్లీషే ఉంది. అయినా లేఅవుట్ గొడవైతే పాస్‌వర్డ్ తప్పనే చెప్తుంది కదా, ఇలా నల్లబడి వెనక్కి రాదు. ఆయన మాత్రం వెళ్తూ వెళ్తూ, "అందుకేనండీ నేను దేన్నీ అప్‌డేట్ చెయ్యను" అన్నాడు. ఆయన ఇంకా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లోనే పెళ్ళికార్డులు చేస్తాడు, అను అనే పాతకాలం తెలుగు ఫాంట్లు వాడతాడు, ఆ ఫైలు ఇప్పటి యూనికోడ్ సిస్టమ్‌లో తెరిస్తే బ్రహ్మదేవుడికి కూడా అర్థంకాని గుర్తులొస్తాయి, అయినా ఆయన కార్డులు కొట్టిచ్చిన జంటలు పిల్లాపాపలతో సుఖంగా ఉన్నారు. ప్రభుత్వాలు సన్మానాలు చేస్తే ఇలాంటి వాళ్ళకి చెయ్యాలి.

సరే, మేనల్లుడు వచ్చాడు. మన ఊరి పద్ధతి ప్రకారం వాడు రాగానే పెన్‌డ్రైవ్ తీసి అంతా తుడిచి కొత్తగా వెయ్యాలి. వాడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కాడు. తెరంతా నలుపు, దాని మీద తెల్ల అక్షరాలు, పేరు అడిగింది, కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది, కొడుతున్నాడు కానీ ఏమీ పడట్లేదు, చుక్కలు కూడా లేవు.

"ఏరా, కీబోర్డు కూడా పోయిందా?"

"పోలేదు మావయ్యా, ఇక్కడ అంతే, కనపడదు. ఎన్ని అక్షరాలో కూడా పక్కనోడికి తెలీకూడదని."

పక్కనోడంటే నేనే. సొంత మావయ్యని అనుమానించే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంట్లో ఉండొచ్చా లేదా అనేది పాఠకులే తేల్చాలి.

లోపలికెళ్ళాడు. ముందు తలుపు మూసేసి పెరటి తలుపు తీసిపెట్టారన్నమాట. వెళ్ళి డీఎఫ్ హైఫన్ హెచ్ అని కొడితే ఒక పట్టిక వచ్చింది, అందులో మెయిన్ డిస్కు ఎదురుగా 100 శాతం అని ఉంది. డిస్కు నిండిపోయింది. సెషన్ మొదలయ్యేటప్పుడు చిన్నా చితకా ఫైళ్ళేవో రాసుకోవాలంట, ఎక్స్‌అథారిటీ అని ఒకటి, ఇంకా ఏవేవో, రాసుకోడానికి చోటు లేకపోతే సెషన్ అక్కడికక్కడే పడిపోద్ది. పాస్‌వర్డ్ చూడ్డానికి చోటు అక్కర్లేదు కాబట్టి అది మాత్రం పాసవుద్ది. ఇక్కడే నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటి బయటపడింది, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా 5 శాతం జాగా రూట్ గారి కోసం, అంటే సిస్టమ్ మీద సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతా కోసం, పక్కన పెడతారట. మామూలు యూజర్‌కి డిస్కు నిండిపోయినా రూట్ గారు మాత్రం హాయిగా రాసుకోవచ్చు. రైల్లో ఈక్యూ, అదే ఎమర్జెన్సీ కోటా, ఉన్నట్టే ఉందిది, వెయిటింగ్ లిస్టు వాడు విజయవాడ ప్లాట్‌ఫాం మీద ఎంత వేలాడినా ఆ బెర్తులు వాడివి కావు. లైనక్స్ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది ఇక్కడే. సమానత్వం, స్వేచ్ఛ అని కబుర్లు చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా పెద్దవాళ్ళ కోటా సంగతి మర్చిపోలేదు.

నింపింది ఎవరయ్యా అంటే, ఎక్కువ భాగం అప్‌డేటే. దించుకున్న ప్యాకేజీలన్నీ ఒక మూలన పోగేసి పెట్టుకుంటుందట, పాత లాగ్‌లు ఇంకో మూల, పాత కెర్నెళ్ళు, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం పాత వెర్షన్లు, మరో మూల. సుడో ఆప్ట్ క్లీన్ అని కొట్టాడు (సుడో అంటే రూట్ గారి అధికారంతో చెయ్యమని), కాస్త ఊపిరాడింది, ఆటోరిమూవ్ అన్నాడు, ఇంకాస్త ఆడింది. అప్పటికీ ఏదో సగంలో ఆగి ఉందని ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీకి కాన్ఫిగర్ అని ఒక ఆర్డరేశాడు, అప్పుడు ఆ సగం పనులన్నీ వరసగా పూర్తిచేసుకుంది. చోటు చాలకపోతేనే కాదు, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా ఇలాగే సగంలో ఉండిపోద్దట. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం రెండింటికి అప్‌డేట్ పెట్టేవాడి ధైర్యం ఎలాంటిదో మీకు వేరే చెప్పక్కర్లేదు, యూపీఎస్ ఉందిగా అంటారు, ఉంటది, కుయ్ కుయ్ అనడానికి.

ఇదంతా చేస్తున్నంతసేపూ వాడు ఒక పాడు అలవాటు చూపించాడు, చదవడం. జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ అని కొడితే ఆన్ చేసినప్పటి నుంచి ఏం జరిగిందో లైను లైనుగా వస్తుంది, వాడు కూర్చుని అది చదువుతాడు. అందులో డిస్కులో చోటు లేదు అని స్పష్టంగా రాసుంది. అంటే కారణం ముందు నుంచీ రాసిపెట్టే ఉంది, లాగిన్ స్క్రీన్ మీద ఒక్క ముక్క చెప్తే దాని సొమ్మేం పోయింది అని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్నే, దానికి మేనల్లుడి దగ్గర కూడా జవాబు లేదు. నా అభ్యంతరం అది కాదు. మనం చదివే జాతి కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ ఐ యాక్సెప్ట్ అని కళ్ళు మూసుకుని నొక్కే జనాన్ని పట్టుకుని లాగ్ చదవమంటే అది మన అలవాట్ల మీద దాడి కాక ఇంకేంటి?

ఇంకా ఘోరం ఏంటంటే, ప్రతి లాగిన్ లూప్‌కీ కారణం ఒకటే ఉండదట. ఎవరో సుడో పెట్టి ఏదో ప్రోగ్రాం నడిపితే ఆ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరు మీదకి మారిపోయి, మన హోమ్ ఫోల్డర్‌లో ఉన్న మన ఫైలు మీద మనకే రాసే హక్కు లేకుండా పోవచ్చట, అప్పుడు చోన్ అనే కమాండ్‌తో మళ్ళీ మన పేరుకి మార్చుకోవాలి. లేకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్. కొత్త కెర్నెల్ వచ్చింది కానీ దానికి తగ్గట్టు డ్రైవర్ మాడ్యూల్ తయారవ్వలేదు, లేదా తయారైంది గానీ సంతకం లేని ప్రోగ్రాంలని ఆపే సెక్యూర్ బూట్ ఉండడం వల్ల సంతకం లేదని లోడ్ కానివ్వలేదు. ఆ సంతకం కోసం రీస్టార్ట్‌లో నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చి కొన్ని సెకన్లు ఆగి పోతుందట, అది వచ్చినప్పుడు మనం వంటింట్లో టీ పెట్టుకుంటూ ఉంటాం. ఈ డ్రైవర్ల గొడవ ఎంత పాతదంటే, 1991లో హెల్సింకీలో స్టూడెంట్‌గా ఉండి ఈ కెర్నెల్ మొదలెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోనే ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. పదేళ్ళకి, 2022లో, ఆ కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్సు బయటపెట్టింది. వేలికీ సోర్సుకీ సంబంధం ఉందని నేననను, కానీ మన ఆఫీసుల్లో ఫైళ్ళు కదలడానికి పట్టే టైముతో పోలిస్తే పర్లేదు.

డ్రైవర్ గొడవైతే ఏం చెయ్యాలో వింటే మీకు కూడా మండుద్ది. ఆన్ అవుతుండగా షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే దేనితో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నెల్ అలాగే ఉంటుంది, అది ఎంచుకుంటే నిన్నటి వరకు ఎలా నడిచిందో అలా నడుస్తుంది. అంటే కొత్తది చెడిపోవచ్చని వాళ్ళకి ముందే తెలుసు, తెలిసి పాతది దాచిపెట్టారు! ఇంతకన్నా ఆత్మవిశ్వాసం లేనితనం ఇంకోటుందా? కొత్తది తెచ్చినవాడు పాతదాన్ని కూల్చాలి, ఆ మట్టి కూడా కనపడకూడదు, అదీ మన రాష్ట్రంలో పద్ధతి.

తెర మీద విండోలు చూపించే పని ఎవరిదని వేల్యాండ్, ఎక్స్11 పంచాయితీ వేరే ఉంది. ఎక్స్11 1987 నాటిది, దాని జాగాలోకి రావాలని వేల్యాండ్ 2008లో మొదలైంది. ఒకదాంట్లో లాగిన్ అవ్వకపోతే పాస్‌వర్డ్ కొట్టే చోట కింద మూలనున్న చక్రం గుర్తు నొక్కి రెండోదాంట్లోకి వెళ్ళమని ఇన్నాళ్ళూ చెప్పేవాళ్ళు. ఉబుంటు అనే లైనక్స్ రకంలో 25.10 వెర్షన్ నుంచి ఆ ఎక్స్11 (ఎక్సార్గ్) సెషన్ ఎత్తేశారు. చిట్కా నేర్చుకునేలోపే చిట్కా పోయింది.

ఇప్పుడు అసలు బాధితుల గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్ షాపు వాళ్ళు. రెండు మూడొందలు తీసుకుని ఫార్మాట్ కొట్టిచ్చి, "డేటా పోద్ది సార్, పర్లేదా?" అని పద్ధతిగా అడిగే ఆ కుర్రాళ్ళ నోటి దగ్గర కూడు తీస్తున్నారు ఈ చదివే మేనల్లుళ్ళు. డేటా పోతే పోనీండి. మరదలి పెళ్ళి ఫోటోలు పోతాయి, పాత రెజ్యూమేలు పోతాయి, 2016లో చెయ్యాలనుకున్న బిజినెస్ ప్లాన్ పోద్ది. మనిషి ఎంత తేలికపడతాడో అనుభవించిన వాడికే తెలుసు. లైనక్స్‌లో ఏ ఫైలూ పోకుండా బాగైపోతే ఆ ఫోటోలు మళ్ళీ చూడాలి, ఆ ప్లాన్‌ని మళ్ళీ చూడాలి.

అందుకే సిస్టమ్ బాగైపోయినా సరే, సూత్రం సూత్రమే కాబట్టి, సీపీయూని మా ఆవిడ ఒళ్ళో పెట్టి స్కూటర్ మీద బీసెంట్ రోడ్డు అవతల నేనెప్పుడూ వెళ్ళే షాపుకి తీసుకెళ్ళా. అక్కడి కుర్రాడు వైర్లు తగిలించి ఆన్ చేశాడు, మా ఆవిడ పాస్‌వర్డ్ కొట్టింది, డెస్క్‌టాప్ వచ్చేసింది.

"బానే ఉంది కదండీ, ప్రాబ్లం ఏంటి?"

"ప్రాబ్లం లేదు. ఫార్మాట్ కొట్టు."

వాడు నా వంక చూశాడు, తర్వాత స్క్రీన్ వంక చూశాడు, మౌస్ పట్టుకుని అదీ ఇదీ తెరిచాడు. "ఎంత పాత సిస్టమండీ ఇది, ఇంత ఫాస్ట్‌గా ఉందేంటి? మా నాన్న షాపులో ఇలాంటిదే ఒకటి మూలన పడుంది. ఇది ఎక్కించింది ఎవరు సార్, నంబర్ ఉంటే ఇస్తారా?"

కంచుకోట లోపలి నుంచే అడుగుతున్నాడు చూడండి. నేనివ్వలేదు.

మా ఆవిడ ఇచ్చింది.