గోంగూరకు మంగళగిరి చీర

షికాగో శివారులో ఇల్లు కొన్న మరుసటి ఏడాది, దుకాణంలో వాడిపోయిన గోంగూర కట్టలకు డాలర్లు పోయడం తెలుగువాడి పరువుకు తగదని నిశ్చయించుకుని, నేను పెరటి వ్యవసాయానికి పూనుకున్నాను. మార్చి నుంచే కిటికీ గట్టు మీద ఖాళీ పెరుగు డబ్బాలలో గోంగూర, బెండ, సొర నారు పోసి, రోజూ స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి.

నా శాస్త్రజ్ఞానానికి ఆధారాలు రెండు. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన జోన్ల పటంలో మా ఊరు 5బి నుంచి 6ఎకు ఎక్కిందని చూసి, చలి వెనక్కి తగ్గిందని సంబరపడ్డాను. శీతకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలను బట్టి గీసిన ఆ పటం ఏళ్ల తరబడి బతికే చెట్లకే గాని, ఒక్క వేసవితో ముగిసిపోయే బెండకు పనికిరాదని అప్పటికి తెలియదు. రెండవది, ఏప్రిల్ చివరి వారంలో వచ్చే ‘ఆఖరి ఫ్రాస్ట్ తేదీ’, అంటే లేత మొక్కలను మాడ్చే గడ్డమంచు ఆ చలికాలానికి చివరిసారిగా పడే రోజు. దానిని సిద్ధాంతి పెట్టిన ముహూర్తంలా నమ్మాను. అది 30 ఏళ్ల లెక్కలలోంచి తీసిన సగటు మాత్రమే కనుక, ఆ తేదీ దాటాక మళ్లీ మంచు పడడానికీ పడకపోవడానికీ అవకాశం సగం సగమట.

తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు నారు కేసి చూసి, “ఇప్పుడు ఏ కార్తె నడుస్తోంది బాబూ?” అని అడిగారు.

“ఇక్కడ కార్తెలు ఉండవండీ, జోన్లు ఉంటాయి,” అన్నాను.

“రోహిణి దాకా ఆగితే మంచిదేమో,” అని ఆవిడ ఊరుకున్నారు.

నేను ఆగకుండా నారును పెరట్లో నాటేశాను. మే మొదటి వారంలో ఒక రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించింది. ఫోను 36 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపుతోంది. నీరు గడ్డకట్టేది 32 దగ్గర కదా అని నేను నిశ్చింతగా ఉండగా, కంచె అవతలి ముసలాయన తన కుండీలకు దుప్పట్లు కప్పుతూ, ఆ లెక్క మనిషి ఎత్తున కొలిచినదనీ, ఇటువంటి రాత్రి నేల మట్టాన ఇంకా చల్లగా ఉంటుందనీ చెప్పాడు. అంతే, చీకట్లో చేతికందిన ప్లాస్టిక్ సంచులు సొర, బెండ మొక్కలకు తొడిగి, గోంగూర మడికి మాత్రం ఏదో పాత గుడ్డ నేలకు ఆనేలా పరిచి, చుట్టూ రాళ్లు పెట్టాను. కొత్తిమీరకు ఏమీ మిగలలేదు.

తెల్లవారి చూస్తే, సంచులకు అంటుకున్న సొర ఆకులు ఉడికించిన పాలకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. బెండ సంగతి చెప్పనక్కరలేదు. పాపమని వదిలేసిన కొత్తిమీర, ఆ మాత్రం మంచును లెక్కచేయని జాతి కాబట్టి, నిగనిగలాడుతోంది. గుడ్డ కింద నేల వెచ్చదనం నిలిచినందున గోంగూర కూడా బతికింది. అయితే ఆ గుడ్డ మా ఆవిడ మంగళగిరి చీర. పాతది కాదు.

మే ఆఖరి సోమవారం సెలవునాడు, నర్సరీలో కొన్న నారుతో మళ్లీ మొదలుపెట్టాను. పంచాంగం చూస్తే రోహిణి కార్తె ప్రవేశించి ఉంది. అత్తగారు ఏమీ అనలేదు. రోళ్లు పగిలే ఆ రోహిణిలో, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, నేను గుంటలు తవ్వుతుంటే చూస్తూ నిలబడ్డారు.