‘అమ్మమ్మలకు ఎవరు ట్రైనింగ్ ఇచ్చారు?’ అనే మెసేజీకి లేబర్ రూం నుంచి జవాబు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ వారంలో నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి పెట్టింది ఎదురింటి అంకుల్. ‘నువ్వు లేబర్ రూంలో చేసినదానివి కదమ్మా, ఏమంటావు?’ అని కింద నన్నే అడిగారు. అప్పటికి ‘తప్పు అంకుల్’ అని పెట్టి ఊరుకున్నాను. అంతటితో తేలే సంగతి కాదు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం, అందులో ఉన్నది ఇదీ. మన అమ్మమ్మలు నాట్లేస్తూ పొలం గట్టు మీదే కని, మర్నాడు మళ్ళీ పనిలోకి దిగారట. వాళ్ళకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదట. ఇప్పుడేమో నర్సులకూ అంబులెన్స్ వాళ్ళకూ రబ్బరు బొమ్మలిచ్చి, అత్యవసర కాన్పు శిక్షణ అంటూ జనం సొమ్ము తగలేస్తున్నారట. కాన్పులన్నీ ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి, డాక్టర్లున్నారు, కష్టమైతే ఆపరేషన్ ఉంది, ఇంకా కష్టమైతే పెద్దాస్పత్రికి పంపితే సరి. బిడ్డ ఏడవకపోతే కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి రెండు దెబ్బలేస్తే చాలు. చివర్లో మామూలే, ‘నిజమనిపిస్తే పది మందికి పంపండి’.

ముందు అమ్మమ్మల సంగతి. మా నానమ్మను ఎంతమంది పిల్లలని అడిగితే రెండు లెక్కలు చెప్పేది: తొమ్మిది కాన్పులు, అయిదుగురు బిడ్డలు. మధ్యలో నలుగురేమయ్యారో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఆమె చెప్పేదీ కాదు. గట్టు మీద కని లేచి నడిచిన ఆమె కథ మనవలదాకా వచ్చింది. లేవలేకపోయిన ఆమె కథ ఎవరికి చేరుతుంది? దేశంలో వైద్య, ఆరోగ్య పరిస్థితిని చూడటానికి అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ఆ రోజుల్లో మన దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు పోతున్నారని లెక్కగట్టింది. లక్షకు చెప్పుకుంటే 2 వేలు. 2018-20 లెక్కల్లో అది దేశం మొత్తానికి 97, తెలంగాణకు 43. కాన్పు అంత తేలికైతే ‘కాన్పంటే ఆడదానికి మరుజన్మ’ అనే మాట మన ఇళ్ళలో ఎందుకు పుడుతుంది?

పొలాల దాకా వెళ్ళక్కర్లేదు, మన హైదరాబాద్‌లోని రెడ్‌హిల్స్ చాలు. చివరి నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె 1949లో కాన్పు కష్టమై చనిపోయింది. ఆ దుఃఖం లోంచే ఇప్పుడు మనం పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తే నీలోఫర్ ఆస్పత్రి వచ్చింది. 1953లో తెరిచారు. నిజాం ఇంటి కొలువులో ఉన్న మనిషికే అలా జరిగింది.

ఇంకో మాట. మంత్రసానులకు శిక్షణ లేదనడం వాళ్ళను చిన్నబుచ్చడమే. అమ్మ వెంటో అత్త వెంటో ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి, కడుపు మీద చెయ్యి వేస్తే బిడ్డ తల ఎటుందో చెప్పే దాకా నేర్చుకున్నారు. అది ట్రైనింగ్ కాక మరేమిటి? వాళ్ళకు లేనివి సూదిమందూ రక్తమూ, పక్కన ఇంకో చెయ్యీ.

డాక్టర్లున్నారుగా అనేది రెండో మాట. ఇందులో సగం నిజం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. కానీ ఆస్పత్రిలో డాక్టర్ ఉండటం వేరు, బిడ్డ తల బయటికొచ్చే క్షణంలో ఆ మంచం పక్కన ఉండటం వేరు. రాత్రి మూడింటికి డ్యూటీ డాక్టర్ థియేటర్లో ఇంకొకరి కడుపు కుడుతూ ఉంటుంది. అప్పుడు మంచం పక్కన ఉండేది స్టాఫ్ నర్సూ, ఆయమ్మా. 2005 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచి, కదిలే బండిలో పురుళ్ళు పోసిన టెక్నీషియన్లు ఎంతమందో. బండి ఆపించి, డ్రైవర్ చేత టార్చి పట్టించి కాన్పు చేయాల్సొచ్చినప్పుడు అక్కడ ఏ గైనకాలజిస్టు ఉంటుంది?

ఆపరేషన్ మాటకొస్తే, అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే. దేశంలోకెల్లా మనమే ముందు. దాంతో కష్టాలు తీరిపోలేదు. సిజేరియన్‌లోనూ రక్తం పోతుంది, ఆ బిడ్డకూ ఊపిరి అందకపోవచ్చు. పాత కోత మీద మాయ అతుక్కుంటే తర్వాతి కాన్పు ఇంకా ప్రమాదం. కోత అవసరం లేనిచోట మామూలు కాన్పును ఓపిగ్గా చూసుకునే మనుషులు కావాలనే 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్‌తో, మన ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్ళతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ (మామూలు కాన్పు తామే చేయగలిగే) శిక్షణ పెట్టింది. మరుసటేడు కేంద్రమూ దానికి మార్గదర్శకాలు తెచ్చింది. అంటే ఈ శిక్షణ నర్సుల కాలక్షేపం కోసం పెట్టింది కాదు.

‘పెద్దాస్పత్రికి పంపితే సరి’ అన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. మాయ పడ్డాక గర్భసంచి ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే బొడ్డు దగ్గర కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా పిండిముద్దలా ఉందంటే రక్తం పోతోందనే. ఏమీ చేయకుండా వదిలేస్తే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. వానాకాలం సాయంత్రం, మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మూసేసిన రోజున, ఎల్బీనగర్ నుంచి గాంధీ ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

పంపొద్దనడం లేదు. పంపేలోపు చేయాల్సినవి ఉన్నాయి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకునేలా చేసే సూదిమందు), అది కూడా ఫ్రిజ్‌లో పెట్టినది. రక్తం ఆగకపోతే గర్భసంచిని మర్దన చేయడం, సెలైన్, మూడు గంటల్లోపు రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్. ఫిట్స్ వస్తే వాటిని ఆపే మెగ్నీషియం మందు మొదటి డోసు పడ్డాకే బండెక్కించాలి.

అన్నిటికన్నా ముందు, ఎంత పోయిందో తెలియాలి. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒకచోట రెండో కాన్పు అయిన ఒకామెకు ‘మామూలుగానే ఉంది’ అనుకున్నాం. రక్తం పైకి కనబడలేదు, పరుపు కిందికి దిగింది. ఆమె ‘అక్కా, చలేస్తోంది’ అన్నాక దుప్పటి ఎత్తి చూశాం. కంటితో వేసే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే అవుతుందని ఆ రోజు మాలో ఎవరికీ నేర్పలేదు. ఆమె బతికింది, మా ప్రతాపం వల్ల కాదు, రక్తం సమయానికి దొరకడం వల్ల. ఇప్పుడు నడుం కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి కొలుస్తున్నారు. ఆ సంచితో కొలిచి, చికిత్సలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా వెంటవెంటనే మొదలుపెట్టేలా సిబ్బందికి నేర్పి నాలుగు ఆఫ్రికా దేశాల్లో 2 లక్షలకు పైగా కాన్పుల్లో చూశారు. 2023లో ఫలితం వచ్చింది: తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. అక్కడ కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందుల్నే ఎప్పుడు, ఏ వరసలో వాడాలో చేతులకు అలవాటు చేశారు.

ఇక తలకిందులు చేసి కొట్టడం. సినిమాలో బాగుంటుంది. తడి బిడ్డ కాళ్ళ దగ్గర జారుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, దెబ్బలేసే ఆ అర నిమిషమే వృథా అవుతుంది. పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే ఊపిరి తీస్తారు. కొందరికి వెచ్చటి పొడిగుడ్డతో తుడిచి వీపు నిమిరితే చాలు. నూటికి అయిదుగురికి మాత్రం అంబు బ్యాగుతో (మాస్కు తగిలించి, చేత్తో నొక్కి గాలి పంపే సంచి) గాలి పెట్టాలి, అదీ పుట్టిన నిమిషంలోపు మొదలవ్వాలి. మెడ మరీ వెనక్కి వాలకుండా, ముందుకు వంగకుండా, పువ్వు వాసన చూస్తున్నట్టు ఉంచాలి. మాస్కు గడ్డం మీద మొదలుపెట్టి ముక్కు మీదికి వాల్చాలి, కళ్ళ మీదికి పోకూడదు. రెండు వేళ్ళతో సంచి నొక్కి ఛాతీ లేస్తోందా అని చూడాలి. లేవకపోతే ఇంకా గట్టిగా నొక్కడం కాదు, ముందు మాస్కు సరిచేయాలి, ఆ తర్వాత మెడ, ఆ తర్వాత నోటిలో ఏమన్నా అడ్డముందేమో చూడాలి. చదివితే అర నిమిషం. నీలంగా మారిన బిడ్డ చేతిలో ఉండి, వెనక తల్లి ‘ఏడవట్లేదేంటి’ అంటుంటే అదే అర నిమిషంలో చేయాలి.

అందుకే బొమ్మలు. ‘బొమ్మ మీద నేర్చుకుంటే ఏమొస్తుంది’ అని వెక్కిరిస్తున్నారు కానీ, మరి ఎవరి మీద నేర్చుకోవాలి, మీ మనవడి మీదా?

అయితే ఆ మెసేజ్ రాసిన మనిషికి ఒక్కటి ఒప్పుకుంటాను. డబ్బు వృథా అయ్యే శిక్షణలు ఉన్నాయి, నేనే కూర్చున్నాను. ఉదయం నుంచి పవర్‌పాయింట్, పదకొండింటికి సమోసా, సాయంత్రం ఫొటో, సర్టిఫికెట్. బొమ్మ అట్ట పెట్టె లోంచి ఇంకా బయటికి రాలేదు, బీరువా తాళం ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర, ఆమె సెలవులో. అప్పగించినప్పటి ప్లాస్టిక్ కవర్ కూడా చింపలేదు. 2009లో నవజాత శిశువుల కోసం మొదలైన శిక్షణైనా, లేబర్ రూంల కోసం కేంద్రం పెట్టిన 2015 నాటి దక్షత అయినా, 2017లో వచ్చిన లక్ష్య అయినా కాగితం మీద బాగానే ఉంటాయి. చేతిపని మాత్రం కొన్ని నెలలకే జారిపోతుంది. చదివింది గుర్తుంటుంది, చెయ్యి మర్చిపోతుంది. మొన్న మా దగ్గర డ్రిల్లులో ఆర్నెల్ల కింద నూటికి తొంభై తెచ్చుకున్న అమ్మాయి మాస్కు పెడితే గాలి పక్క నుంచి పోయింది, బొమ్మ ఛాతీ కదల్లేదు. మూడోసారికి లేచింది. కాబట్టి అడగాల్సింది శిక్షణ ఎందుకని కాదు, వారానికి పది నిమిషాలైనా లేబర్ రూంలోనే ఎందుకు చేయించట్లేదని.

అంకుల్, మీ అమ్మాయికి ఏడో నెల, పురిటికి మీ ఇంటికే వస్తోందన్నారు కదా. పేరు రాయించిన చోటికి ఓసారి వెళ్ళి రండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, వాళ్ళు అంబు బ్యాగు చివరిసారి ఎప్పుడు పట్టుకున్నారు, అది లేబర్ రూంలోనే ఉంటుందా, బీరువాలో ఉంటే తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. ఏమన్నారో గ్రూపులో పెట్టండి.